చరిత్రా కవిత్వమూ ఒకే గదిలో: బార్బడోస్ ప్రధానమంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానమంత్రి మియా మోట్లీ గారికి,

2024 జూన్ 29న మీ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్‌లో భారత జట్టు దక్షిణాఫ్రికాను ఏడు పరుగుల తేడాతో ఓడించి టీ20 ప్రపంచకప్ గెలిచింది. అర్ధరాత్రి దాకా తెలుగు ఊళ్లలో టపాసులు మోగాయి. ఆ మైదానం పేరు చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చింది. అదే జూన్‌లో, ఆ ఫైనల్‌కు రెండు వారాల లోపే, బ్రిడ్జ్‌టౌన్ పక్కనున్న బ్లాక్ రాక్‌లో మీ దేశపు పత్ర భాండాగారం అంటుకుంది. పిడుగు పడి మంటలు లేచాయని వార్తలు వచ్చాయి. మళ్లీ సంపాదించలేని పాత దస్తావేజులు కొన్ని ఆ మంటల్లో పోయాయి. కప్పు సంబరాల్లో ఆ వార్త ఇక్కడ పెద్దగా ఎవరి చెవినా పడలేదు.

పడి ఉండాల్సింది. ఆ కాగితాలు ఒక్క బార్బడోస్‌వి కావు. 1627లో ఇంగ్లీషువాళ్లు మీ దీవిలో స్థిరపడ్డారు. చెరకు తోటల కోసం ఆఫ్రికా మనుషులను ఓడల్లో తెచ్చి, కొని, అమ్మి, వాళ్లు అలసి చచ్చిపోతే మళ్లీ తెచ్చుకునే పద్ధతి అక్కడే స్థిరపడింది. 1661లో బార్బడోస్‌లో రాసిన బానిస చట్టాన్ని ముందు పెట్టుకునే జమైకాతో సహా మిగతా వలసలు తమ చట్టాలు రాసుకున్నాయి. దీవి విస్తీర్ణం 430 చదరపు కిలోమీటర్లు, జనం మూడు లక్షల లోపు. అయినా బ్రిటిష్ బానిస వ్యాపారానికి సంబంధించిన పత్రాల్లో బ్రిటన్ తర్వాత అంతటి నిధి బార్బడోస్‌దేనని చెబుతారు.

అలాంటి కాగితాలను చదివి, వాటిలో పేరుకు కూడా చోటు దొరకని మనుషుల గొంతు వినిపించడానికి జీవితమంతా పెట్టిన మనిషి కమావు బ్రాత్‌వైట్. చరిత్రకారుడు, కవి. 1930 మే 11న బ్రిడ్జ్‌టౌన్‌లో పుట్టి, 2020 ఫిబ్రవరి 4న, 89 ఏళ్ల వయసులో బార్బడోస్‌లోనే కన్నుమూశారు. ఈ లేఖ ఆయన గురించి. కోరేది ఒక్కటే. ఆయన రాసినవీ, పోగుచేసినవీ, రికార్డు చేసినవీ ఒక్కచోట, అందరికీ అందేలా ఉంచండి. ఉంచేటప్పుడు చరిత్రను ఒక గదిలో, కవిత్వాన్ని మరో గదిలో పెట్టించకండి.

బ్రాత్‌వైట్ అనగానే ఇక్కడివాళ్లకు గుర్తొచ్చేది కార్లోస్ బ్రాత్‌వైట్. 2016లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆఖరి ఓవర్లో వరసగా నాలుగు సిక్సర్లు కొట్టి వెస్టిండీస్‌కు కప్పు తెచ్చిపెట్టిన ఆటగాడు. అతనూ బార్బడోస్ బిడ్డే. కవి బ్రాత్‌వైట్‌కూ క్రికెట్‌తో గట్టి సంబంధమే ఉంది. 1969లో వచ్చిన 'ఐలండ్స్' సంపుటిలో 'రైట్స్' అనే కవిత ఒకటుంది. అందులో ఒక దర్జీ తన కొట్లో కూర్చుని, కెన్సింగ్టన్ ఓవల్‌లో తను చూసిన మ్యాచ్ గురించి చెప్పుకుపోతాడు. క్లైడ్ వాల్కాట్ బ్యాటు ఝళిపిస్తుంటే గ్యాలరీ ఎలా ఊగిపోయిందో, పరిస్థితి తిరగబడగానే అదే గ్యాలరీ ఎలా నీరుగారిపోయిందో, అన్నీ బార్బడోస్ వీధి మాటల్లో చెబుతాడు. దొరల ముందు తలెత్తాలన్న ఉబలాటం, ఇంకా వదలని బెరుకు ఆ దర్జీ మాటల వెనక వినిపిస్తూనే ఉంటాయి. ఆ కవిత రాస్తున్న రోజుల్లోనే బ్రాత్‌వైట్ వందలకొద్దీ పాత పత్రాలు తిరగేసి ఒక పెద్ద చరిత్ర గ్రంథం సిద్ధం చేస్తున్నారు. ఒకచోట దర్జీ, మరోచోట చెరకు తోట బానిస. ఇద్దరినీ వాళ్ల నోటితోనే మాట్లాడించాలన్నది ఆయన పట్టుదల.

ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు లాసన్ ఎడ్వర్డ్. తండ్రి గిడ్డంగిలో గుమస్తా. ఇల్లు సముద్రపు ఒడ్డున, బ్రౌన్స్ బీచ్ దగ్గర. హారిసన్ కాలేజీలో చదివి, 1949లో బార్బడోస్ స్కాలర్‌షిప్ గెలుచుకుని, కేంబ్రిడ్జ్‌లోని పెంబ్రోక్ కాలేజీలో చరిత్ర చదివారు. కవితలు అప్పటికే మొదలయ్యాయి. ఫ్రాంక్ కాలిమోర్ సంపాదకత్వంలో బ్రిడ్జ్‌టౌన్ నుంచి వచ్చే 'బిమ్' పత్రిక 1950 నుంచి ఆయన కవితలు వేసింది. కరీబియన్‌లో చెప్పుకోదగ్గ రచయితల్లో ఆ చిన్న పత్రిక గుమ్మం తొక్కనివాళ్లు అరుదు.

చదువుకన్నా లోతుగా ఆయనలో నాటుకున్నది మరొకటి ఉంది. దీవికి ఉత్తరాన సెయింట్ పీటర్ ప్రాంతంలో, మైల్ అండ్ ఎ క్వార్టర్ అనే ఊళ్లో, వాళ్ల బంధువుల్లో వడ్రం పని చేసే పెద్దాయన ఉండేవాడు. కుర్చీలు, బల్లలు, తలుపులు, శవపేటికలు ఏవైనా చేసేవాడు. ఫ్యాక్టరీ కుర్చీలు వచ్చిపడేసరికి ఆయన పనికి గిరాకీ తగ్గింది. ఆదివారాలు మాత్రం ఒక దుంగ ముందు కూర్చునేవాడు. ఎవరూ అడగని పని అది, ఎవరూ కొనని వస్తువు. ఉలి నడిచేకొద్దీ ఆ కొయ్యలోంచి ఆఫ్రికా ముఖం ఒకటి బయటికొచ్చింది. ఆఫ్రికా గడ్డ చూడని మనిషి చేతికి ఆ ముఖం ఎలా తెలిసింది? బ్రాత్‌వైట్ ఈ పెద్దాయన మీద రాసిన కవితకు యోరుబా జనం కొలిచే ఇనుప దేవుడు ఓగున్ పేరు పెట్టారు. తర్వాత ఆయన రాసిన చరిత్ర గ్రంథాలన్నీ ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్లినవే.

వెతుకులాట ఆయన్ను 1955లో గోల్డ్ కోస్ట్‌కు తీసుకెళ్లింది. విద్యాశాఖలో ఉద్యోగం, పాఠ్యపుస్తకాల పని. 1957లో ఆ దేశం ఘనాగా స్వతంత్రమైనప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. 1962 దాకా ఉన్నారు. సాల్ట్‌పాండ్‌లో పిల్లల నాటకశాల నడిపారు. పాత గ్రీకు నాటకం 'యాంటిగొని'ని ఆఫ్రికా నేల మీదికి తెచ్చి 'ఒడాలీస్ చాయిస్' రాశారు. అకాన్ జనం డప్పు మీద మాటలు పలికిస్తారు. ఎప్పుడు ఏ దెబ్బ వేస్తే ఏ పెద్దను పిలిచినట్టో వాళ్లకు తెలుసు. ఆ డప్పు నడకను, కొత్త పని మొదలుపెట్టేముందు నేల మీద నాలుగు చుక్కలు వొంపి పెద్దలను తలుచుకునే ఆచారాన్ని దగ్గర నుంచి చూశారు. 1968లో వచ్చిన 'మాస్క్స్' కావ్యానికి దరువు ఇచ్చింది ఆ డప్పే. పరాయి దేశానికి వెళ్లాననుకున్న మనిషికి, తన దీవిలో ముసలమ్మలు చేసే చిన్నచిన్న పనుల మూలాలు అక్కడ కనిపించాయి.

తిరిగి వచ్చాక కొన్నాళ్లు సెయింట్ లూసియాలో, తర్వాత జమైకాలోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయం మోనా ప్రాంగణంలో చరిత్ర పాఠాలు చెప్పారు. మధ్యలో ఇంగ్లాండ్ వెళ్లి, ససెక్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1968లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ పరిశోధనే 1971లో ఆక్స్‌ఫర్డ్ నుంచి 'ది డెవలప్‌మెంట్ ఆఫ్ క్రియోల్ సొసైటీ ఇన్ జమైకా, 1770-1820' పేరుతో పుస్తకంగా వచ్చింది.

ఈ పుస్తకం దగ్గర కాస్త ఆగాలి. అప్పటిదాకా కరీబియన్ చరిత్ర అంటే గవర్నర్లు, శాసనసభలు, చక్కెర ధరలు, యుద్ధనౌకలు. బానిసలు లెక్కల పట్టికలో తలకాయలు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంస్కృతి ఓడలోనే చచ్చిపోయిందని, దీవుల్లో మిగిలింది దొరలను చూసి నేర్చుకున్న అనుకరణేనని చాలామంది పండితులే నమ్మేవారు. బ్రాత్‌వైట్ దాన్ని ఒప్పుకోలేదు. తోటల దస్తావేజులు, శాసనసభ చర్చలు తిరగేశారు. ఎడ్వర్డ్ లాంగ్ 1774లో అచ్చువేసిన జమైకా చరిత్రలాంటి, నల్లవాళ్ల మీద ద్వేషం కక్కిన పుస్తకాలనూ వదల్లేదు. ద్వేషించేవాడు కూడా తాను చూసింది రాయక తప్పదు కదా. తిట్లను పక్కకు నెట్టి, ఆ తిట్ల మధ్య దొర్లిన సంగతులను ఏరుకున్నారు: బానిసలు ఇళ్లు ఎలా కట్టుకున్నారు, ఏం కట్టుకున్నారు, ఏ వాయిద్యాలు వాయించారు, చచ్చిపోయినవాళ్లను ఎలా సాగనంపారు. పుట్టిన బిడ్డను తొమ్మిది రోజులు గడిచేదాకా ఈ లోకపు బిడ్డగా లెక్కపెట్టని ఆచారం కూడా అందులో ఉంది. పురిటి మైల ఎరిగిన తెలుగు ఇళ్లలో ఆ పేజీ చదివినవాళ్లెవరికైనా జమైకా తోట ఒక్కసారిగా దగ్గరికి జరుగుతుంది.

ఆయన తేల్చిన మాట సూటిగా ఉంటుంది. దొరా బానిసా ఒకే నేల మీద, ఒకే హింస మధ్య బతికారు. ఇష్టం ఉన్నా లేకపోయినా ఒకరి బతుకులోకి ఒకరు చొరబడ్డారు. దొర పిల్లల నోట్లో ఆయాల మాట దూరింది, బానిస పాటలో చర్చి రాగం దూరింది. ఆ రాపిడిలో ఇటు యూరప్‌దీ కాని, అటు ఆఫ్రికాదీ కాని ఒక కొత్త సమాజం పుట్టింది. దాన్నే ఆయన క్రియోల్ సమాజం అన్నారు. ఇందులో హింసను మరుగుపరిచాడని విమర్శించినవాళ్లు ఉన్నారు, వాళ్లతో ఆ చర్చ దశాబ్దాలు సాగింది. కానీ బానిసను చరిత్రలో కేవలం బాధితుడిగా కాక, తయారుచేసేవాడిగా చూడటం ఆ పుస్తకం తర్వాత మామూలు విషయమైంది. బానిసల జానపద సంస్కృతి మీది అధ్యాయాన్ని లండన్‌లోని న్యూ బీకన్ ప్రచురణ సంస్థ 1970లోనే విడిగా చిన్న పుస్తకంగా వేసింది. లావుపాటి గ్రంథం కొనలేని నల్ల కార్మికుల చేతుల్లోకి అది వెళ్లగలిగింది.

ఆ న్యూ బీకన్ వెనక ఉన్న జాన్ లా రోజ్, జమైకా రచయిత ఆండ్రూ సాల్కీ, బ్రాత్‌వైట్ కలిసి 1966 చివర్లో లండన్‌లో కరీబియన్ ఆర్టిస్ట్స్ మూవ్‌మెంట్ మొదలుపెట్టారు. మీ దేశం నవంబర్ 30న స్వతంత్రమైంది. ఆ డిసెంబరులోనే మెక్లెన్‌బర్గ్ స్క్వేర్‌లో బ్రాత్‌వైట్ దంపతుల నేలమాళిగ ఫ్లాట్‌లో ఈ గుంపు కూడింది. రచయితలు, చిత్రకారులు, చరిత్రకారులు, విద్యార్థులు. వేర్వేరు దీవుల నుంచి వచ్చి లండన్ చలిలో ఒకరినొకరు కనుక్కున్నవాళ్లు. 1967 మార్చిలో జెనెట్టా కాక్రేన్ థియేటర్‌లో బ్రాత్‌వైట్ 'రైట్స్ ఆఫ్ పాసేజ్' కావ్యం మొత్తాన్ని చదివి వినిపించారు. అదీ, 'మాస్క్స్', 'ఐలండ్స్' కలిపి 1973లో 'ది అరైవెంట్స్' పేరుతో ఒకే సంపుటిగా వచ్చాయి. ఆఫ్రికా నుంచి ఓడలో, దీవుల నుంచి మళ్లీ లండన్‌కు, న్యూయార్క్‌కు బతుకుతెరువు కోసం సాగిన ఒక జాతి ప్రయాణం అందులో ఉంది. ఉద్యమం పత్రిక 'సవాకూ'ను ఆయన జమైకా నుంచి నడిపారు. వీధి కవుల రాతలను, రస్తఫారీ గొంతులను అందులో అచ్చువేసినందుకు పెద్దమనుషులైన విమర్శకులతో పేచీ కూడా పడ్డారు.

ఆ పేచీ అసలు దేని గురించో 1979లో హార్వర్డ్‌లో ఆయన చేసిన ప్రసంగం చెబుతుంది. టేపురికార్డరు వెంట తెచ్చుకుని, మధ్యమధ్యలో కవుల గొంతులు వినిపిస్తూ మాట్లాడారు. క్లాడ్ మెకే, లూయీస్ బెనెట్, వాళ్ల తర్వాత కొత్త కుర్రాళ్లు. కరీబియన్ బడిపిల్లలకు ఇంగ్లాండ్ రాజుల పేర్లు తెలుసు, తమ దీవుల్లో తిరగబడ్డవాళ్ల పేర్లు తెలియవు. ఎన్నడూ చూడని మంచు గురించి వ్యాసాలు రాస్తారు, ఏటా ఇంటి కప్పు ఎగరగొట్టే తుపాను గురించి రాయడానికి వాళ్లకు ఛందస్సు లేదు. ఇంగ్లీషు పద్యం నడకలో ఆ దీవుల గాలీ వానా పట్టవు. పట్టే నడక జనం నోట్లో ఉంది. దాన్ని యాస అని చిన్నచూపు చూడకుండా ఒక జాతి భాషగా గౌరవించాలి. ఇదీ ఆయన వాదన. తమ తరాన్ని కదిలించింది టి. ఎస్. ఎలియట్ అచ్చు పుస్తకం కాదని, బార్బడోస్‌లో బ్రిటిష్ కౌన్సిల్ దగ్గరున్న రికార్డులో విన్న ఎలియట్ గొంతు అని కూడా అన్నారు. క్రికెట్ వ్యాఖ్యాత జాన్ ఆర్లట్ తన హాంప్‌షైర్ పల్లె మాటతోనే రేడియోలో మాట్లాడటం కూడా వాళ్లకు ధైర్యం ఇచ్చిందట. 1984లో 'హిస్టరీ ఆఫ్ ద వాయిస్' పేరుతో ఆ ప్రసంగం పుస్తకమైంది. పుస్తకంలో మాటలున్నాయి. టేపులోని గొంతులు కాగితం మీదికి రావు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆయన రికార్డింగులను పుస్తకాలతో పాటు ఎందుకు కాపాడాలో.

ఎడ్వర్డ్ కమావుగా మారిన కథ తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఇంటి గుండా వెళుతుంది. 1971లో ఆయన నైరోబీ విశ్వవిద్యాలయంలో కొన్నాళ్లున్నారు. అప్పుడు లిమురూలో కెన్యా రచయిత గూగీ వా థియాంగో నాయనమ్మ ఆయనకు కమావు అని పేరు పెట్టింది. ఆ గూగీ నవల ఒకదాన్ని జైలు గదిలో కూర్చుని తెలుగు కవి వరవరరావు 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేశారు. కెన్యా రైతుల కథ దశాబ్దాల కిందటే ఇక్కడి పల్లెల దాకా వచ్చింది. ఆ ఇంట్లోనే పేరు పెట్టించుకున్న బార్బడోస్ కవికి మాత్రం తెలుగులో ఆ చనువు ఇంకా దక్కలేదు.

మరో చుట్టరికమూ ఉంది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చి భారతదేశం నుంచి ఒప్పందాల మీద జనాన్ని ఓడలెక్కించారు. మద్రాసు రేవు నుంచి గయానాకు, ట్రినిడాడ్‌కు వెళ్లిన ఆ ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. 1974లో రాసిన 'కాంట్రడిక్టరీ ఓమెన్స్'లో బ్రాత్‌వైట్ తన క్రియోల్ సమాజం ఆలోచనను మళ్లీ విప్పి చూసుకున్నారు. నలుపు, తెలుపు అన్న రెండు ముక్కల్లో ఒదగని ఈ భారతీయుల సంగతేమిటని తనను తాను అడిగారు. జవాబు పూర్తిగా దొరికిందని చెప్పలేం. అడగడమే ఆ రోజుల్లో పెద్ద విషయం.

చరిత్రకారుడిగా ఆయన పని పండితుల గదుల్లో ఆగిపోలేదు. జమైకా కొండల్లో బ్రిటిష్ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టిన మెరూన్ల (తోటల నుంచి తప్పించుకున్న బానిసల) నాయకురాలు నానీ గురించి జనం కథలు చెప్పుకునేవారు. కాగితాల్లో ఆమె జాడ అంతంత మాత్రం. 1975లో జమైకా ఆమెను, 1831 తిరుగుబాటు నడిపిన శామ్ షార్ప్‌ను జాతీయ వీరులుగా ప్రకటించింది. ఆ ఇద్దరి పోరాటం మీద బ్రాత్‌వైట్ 1977లో 'వార్స్ ఆఫ్ రెస్పెక్ట్' అనే చిన్న పుస్తకం రాశారు. ఇవాళ జమైకా 500 డాలర్ల నోటు మీద నానీ బొమ్మ ఉంది. ఇంకోవైపు ఆయన ఓపిగ్గా జాబితాలు తయారుచేస్తూ కూర్చున్నారు: జమైకా కవిత్వం, బార్బడోస్ కవిత్వం, కరీబియన్ సంస్కృతి మూలాల మీద వచ్చిన పుస్తకాలు. మహాకవి అని పేరొచ్చాక కూడా గుమస్తా పనిని నామోషీ అనుకోని మనిషి.

ఆ గుమస్తా పనిలో ఆయనకు సమవుజ్జీ భార్య డోరిస్ మోనికా. గయానా అమ్మాయి. 1960లో పెళ్లయింది. భర్త రాసిన ప్రతి కవిత, ప్రతి వ్యాసం, ప్రతి సమీక్ష ఎప్పుడు ఎక్కడ అచ్చయిందో సంవత్సరాల తరబడి రాసిపెట్టుకుంది. 1986 సెప్టెంబరులో కేన్సర్ ఆమెను తీసుకుపోయింది. ఆమె తయారుచేసిన సమగ్ర గ్రంథసూచిని న్యూ బీకన్ 1988లో అచ్చువేసింది. ఆ సంవత్సరమే, సెప్టెంబరు 12న, గిల్బర్ట్ తుపాను జమైకా మీద విరుచుకుపడింది. కింగ్‌స్టన్ పైన కొండల్లో, ఐరిష్ టౌన్‌లో ఉన్న వాళ్ల ఇల్లు ధ్వంసమైంది. అందులో ఉన్నది ఒక కుటుంబం సామాను మాత్రమే కాదు. ఇరవై ఏళ్ల పాటు కూడబెట్టిన కరీబియన్ రచయితల ఉత్తరాలు, రాతప్రతులు, టేపులు, ఫోటోలు, ఉద్యమం కాగితాలు, 'సవాకూ' దస్త్రాలు. బురదలో కూరుకుపోయాయి. తుపానుకు తగ్గ ఛందస్సు కావాలని హార్వర్డ్‌లో వాదించిన తొమ్మిదేళ్లకు తుపాను ఆయన పుస్తకాల గదిలోకే వచ్చింది. ఆ నష్టం మీద ఆయన రాసిన దీర్ఘకవిత 'షార్' 1990లో వచ్చింది.

అదే 1990లో కింగ్‌స్టన్‌లో ఆయన ఉంటున్న అపార్ట్‌మెంట్‌లోకి దొంగలు చొరబడి, కట్టేసి, తుపాకీ పెట్టి దోచుకున్నారు. ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డ ఈ దెబ్బలతో ఆయన రాత కూడా మారిపోయింది. రాత అంటే నిజంగా పేజీ మీది అక్షరమే. కంప్యూటర్ ముందు కూర్చుని, అక్షరాల సైజు మార్చి, పంక్తిని విరగ్గొట్టి, మాటను మధ్యలో చీల్చి, పేజీ మీద గొంతు ఎక్కడ పెరుగుతుందో ఎక్కడ పడిపోతుందో కంటికి కనిపించేలా పేర్చడం మొదలుపెట్టారు. షేక్‌స్పియర్ నాటకం 'టెంపెస్ట్'లో కాలిబన్ తల్లి సికోరాక్స్ పేరు మాత్రమే వినిపిస్తుంది, ఆమె రంగస్థలం మీదికి రాదు. ఈ కొత్త అచ్చు పద్ధతికి బ్రాత్‌వైట్ ఆమె పేరే పెట్టుకున్నారు. ప్రచురణకర్తలకు ఇది తలనొప్పి. ఆయన పేజీని మామూలు అక్షరాల్లోకి దించితే సగం కవిత పోతుంది. అందుకే ఆ పుస్తకాలను స్కాన్ చేయడమంటే అక్షరాలు గుర్తుపట్టడం కాదు, పేజీని ఉన్నదున్నట్టు పట్టుకోవడం.

తర్వాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. 1994లో న్యూస్టాట్ బహుమతి, 2006లో 'బార్న్ టు స్లో హార్సెస్'కు గ్రిఫిన్ కవితా బహుమతి వచ్చాయి. బహుమతుల జాబితా ఇంకా ఉంది, దాన్ని విడిచిపెట్టొచ్చు.

విడిచిపెట్టకూడనిది క్రైస్ట్ చర్చ్ ప్రాంతంలోని ఒక పచ్చిక నేల కథ. పెద్ద వయసులో బార్బడోస్‌లో బతకాలని విమానాశ్రయానికి దగ్గర్లో ఆయన ఎంచుకున్న చోటు అది. దాన్ని కౌపాస్టర్ అని పిలుచుకున్నారు. పోయిన ఐరిష్ టౌన్ గ్రంథాలయం బదులు అక్కడ మళ్లీ ఒకటి కట్టాలని ఆశ. 2000ల మొదట్లో అక్కడ రోడ్డు వేయాలన్న ప్రణాళిక వచ్చింది. అది మీరు ప్రధాని కాకముందు మాట. ఆ నేల కింద బానిసల సమాధులున్నాయని ఆయన గట్టిగా నమ్మారు. నమ్‌సెతూర అనే పూర్వకాలపు స్త్రీ అక్కడ తనతో మాట్లాడిందని కవిత రాశారు. కవి భ్రమ అని కొట్టిపారేసినవాళ్లు ఉండొచ్చు. అదే క్రైస్ట్ చర్చ్‌లో, న్యూటన్ తోటలో, 1970లలో పురావస్తు పరిశోధకులు తవ్వితే బానిసల శ్మశానం బయటపడింది. సుమారు 570 మంది అక్కడ పడుకుని ఉన్నారని అంచనా. పచ్చిక కింద మనుషులున్నారన్న మాట ఆ ప్రాంతంలో కవి భ్రమ ఎంతమాత్రం కాదు.

ప్రధానమంత్రి గారూ, 2020 నవంబరులో బ్రిడ్జ్‌టౌన్ నడిబొడ్డు నుంచి బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ విగ్రహాన్ని దించినప్పుడు, 2021 నవంబర్ 30న దేశం గణతంత్రమైనప్పుడు ప్రపంచం మీ వైపు చూసింది. వెంటనే న్యూటన్ దగ్గర స్మారకం కడతామని, వాస్తుశిల్పి డేవిడ్ అజాయే దాని నమూనా గీశారని, దేశపు పత్ర భాండాగారానికీ అక్కడ చోటు ఇస్తామని ప్రకటించారు. 2024 మంటల తర్వాత ఆ మాట మరింత తొందరపెడుతోంది. బ్రాత్‌వైట్ పనికి సరైన చోటు అదే. ఆయన విగ్రహం అక్కర్లేదు. న్యూటన్ తోట లెక్కల పుస్తకం పక్కనే 'మాస్క్స్' పేజీ ఉండాలి. బానిస ధర రాసిన దస్తావేజు చూసిన బడిపిల్ల అదే బల్ల దగ్గర చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని బ్రాత్‌వైట్ గొంతు వినగలగాలి. ఆయన పద్ధతే అది: దొర రాసిన కాగితంలో ఖాళీ ఎక్కడుందో చరిత్రకారుడిగా కనిపెట్టి, అక్కడ ఎవరు మాట్లాడి ఉంటారో కవిగా విన్నారు. రెంటినీ విడదీస్తే చరిత్ర పుస్తకం పరీక్షల కోసం, కవిత సంస్మరణ సభల కోసం మిగులుతాయి.

చేయాల్సిన పని ఎక్కడ మొదలవ్వాలో డోరిస్ చూపించి వెళ్లింది. ఆమె గ్రంథసూచిని ముందు పెట్టుకుని, దాని తర్వాత వచ్చినవాటిని చేర్చితే పూర్తి జాబితా తయారవుతుంది. అందులో చాలా భాగం చిన్న ప్రచురణ సంస్థలు వేసినవి, సవాకూ పేరుతో ఆయనే అచ్చువేసుకున్నవి. పెద్ద గ్రంథాలయాల్లో తప్ప దొరకవు. రేడియో ప్రసంగాలు, సభల్లో కవితా పఠనాలు, తరగతి గది పాఠాల టేపులు బార్బడోస్, జమైకా, లండన్, న్యూయార్క్‌ల మధ్య ఉంటాయి. కుటుంబంతో, ఆ విశ్వవిద్యాలయాలతో మాట్లాడి నకళ్లు తెప్పించడం ఒక ప్రభుత్వం అడిగితే జరిగే పని, ఒక పాఠకుడు అడిగితే జరగదు. టేపు తుపాను లేకపోయినా పాడవుతుంది. తేమ గాలి చాలు.

చివరగా తెలుగువైపు నుంచి ఒక విన్నపం. గూగీని జైల్లో అనువదించుకున్న భాష ఇది. కెన్సింగ్టన్ ఓవల్ దర్జీ కథను శ్రీకాకుళం మాటలోనో కరీంనగర్ మాటలోనో చెప్పగల కవులు ఇక్కడ ఉన్నారు. బానిసల జానపద సంస్కృతి మీద ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని తెలుగు చేయడానికి ముందుకొచ్చే చరిత్ర అధ్యాపకులూ ఉంటారు. వాళ్లకు అడ్డుపడేది హక్కుల వ్యవహారం: ఎవరిని అడగాలి, ఎంత చెల్లించాలి, ఆయన పేజీ అమరికను ఎంతవరకు అలాగే ఉంచాలి. తెలుగులాంటి భాషల చిన్న ప్రచురణకర్తలు ఒకే చోట అడిగి, భరించగల రుసుముతో అనుమతి తీసుకునే ఏర్పాటు ఒకటి బార్బడోస్ చేస్తే, 'ఐలండ్స్', 'మాస్క్స్'లతో ఇక్కడ పని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు